కడుపుతో ఉన్నప్పుడు మహమ్మారి వస్తే: పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ పడింది. అంతకుముందు రోజు వరకు ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నానికి ఆటోలో ఇలా వెళ్ళి అలా వచ్చేవాళ్ళం. సరిహద్దు అనేది ఒకటుందని సెల్‌ఫోన్ టవర్ మారినప్పుడే గుర్తొచ్చేది. ఒక్క రాత్రిలో గేటు పడింది. పుట్టిల్లు అవతల, అత్తిల్లు ఇవతల ఉన్న కడుపుతోటి ఆడపిల్లలు ఎటూ కాకుండా ఇరుక్కున్నారు. నేను ఏఎన్‌ఎమ్‌గా, అంటే పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సుగా, చేసి రిటైరైనదాన్ని. ఒడియా, తెలుగు రెండూ వచ్చు కాబట్టి ఆ రెండేళ్ళూ నా ఫోన్‌కి విశ్రాంతి లేదు. ఇప్పటికీ టీవీలో ఏదో కొత్త జ్వరం అని రాగానే అవే ప్రశ్నలు మళ్ళీ వస్తాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను. మందులు, డోసుల విషయంలో మీ డాక్టర్ చెప్పిందే వినండి.

కడుపుతో ఉన్నవాళ్ళకి కోవిడ్ త్వరగా అంటుకుంటుందా?

అంటుకోవడం అందరికీ ఒకటే. తేడా అంటుకున్న తర్వాత ఉంది. అదే వయసు ఆడవాళ్ళతో పోలిస్తే గర్భిణులకి జబ్బు ముదరడం, ఐసీయూ దాకా వెళ్ళడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఎక్కువని చాలా దేశాల అనుభవంలో తేలింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. కడుపు పెరిగేకొద్దీ గర్భసంచి పైకి నెట్టి ఊపిరికి చోటు తగ్గిస్తుంది. అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. బీపీ, సుగర్, అధిక బరువు ఉన్నవాళ్ళు, 35 దాటినవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అయినా ఎక్కువమంది ఇంట్లోనే ఉండి కోలుకున్నారు. కడుపులో బిడ్డకి తల్లి నుంచి సోకడం అరుదు. ఆ టెన్షన్‌తో నిద్ర పాడు చేసుకోవద్దు.

ఆసుపత్రికి వెళ్తేనే జబ్బు అంటుకుంటుందంటున్నారు. నాలుగు నెలలు చెకప్ మానేస్తే ఏమవుతుంది?

నన్ను అందరికంటే ఎక్కువగా భయపెట్టిన ప్రశ్న ఇదే. కోవిడ్ రెండు వారాల్లో వచ్చి పోతుంది. బీపీ మాత్రం చప్పుడు చేయకుండా పెరుగుతుంది. మనిషి చూడ్డానికి బాగానే ఉంటుంది, పనులన్నీ చేసుకుంటూనే ఉంటుంది, ఒకరోజు ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. బీపీ 140/90 చేరిందంటే అది ఫోన్లో మాట్లాడి తేల్చే విషయం కాదు. రక్తహీనత కూడా అంతే. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. ఆ అంకె తెలియకుండా కాన్పుకి వెళ్ళడమంటే, పెట్రోల్ ఎంతుందో చూసుకోకుండా తప్తపాణి ఘాట్ ఎక్కడమే.

మన దేశంలో కనీసం నాలుగు చెకప్‌లు ఉండాలని పెట్టారు. మొదటిది 12 వారాల లోపు, రెండోది 14 నుంచి 26 మధ్య, మూడోది 28 నుంచి 34 మధ్య, నాలుగోది 36 దాటాక. గట్టి లాక్‌డౌన్‌లో కూడా ఈ నాలుగూ వదులుకోవద్దు. మధ్యలో చిన్న చిన్న సందేహాలుంటే ఫోన్లో అడగొచ్చు. ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో సేవ 2020 ఏప్రిల్‌లోనే రోగులకి నేరుగా అందుబాటులోకి వచ్చింది, డబ్బులేమీ తీసుకోరు. కానీ బీపీ, బరువు, రక్తం, మూత్రం చూడాలంటే మనిషి వెళ్ళాల్సిందే. మాస్కు పెట్టుకుని, ఒక్కరినే తోడు తీసుకుని, పొద్దున్నే వెళ్ళి వచ్చేయండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్ చూస్తారు. ఆ రోజు జనం ఉంటారు కాబట్టి ఎన్ని గంటలకి రమ్మంటారో ముందే మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీని అడగండి.

ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. కాల్షియం మాత్రతో కలిపి మింగకండి, రెండు గంటలు ఎడం ఉండాలి. టీతో అసలే వద్దు. లాక్‌డౌన్ అంటున్నారని తెలియగానే రెండు నెలలకి సరిపడా మాత్రలు అడిగి తెచ్చుకోండి. అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు.

జ్వరం వచ్చింది. కోవిడ్ టెస్ట్ నెగెటివ్. ఇక భయం లేదు కదా?

ఉంది. మనది మలేరియా నేల. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల కొండవార ఊళ్ళలో జ్వరం వస్తే మొదట గుర్తు రావాల్సింది మలేరియానే. మహమ్మారి రోజుల్లో అందరూ ముక్కులో పుల్ల పెట్టించుకుని, నెగెటివ్ రాగానే ఊపిరి పీల్చుకుని, వేలి మీద సూదిపోటు మాత్రం మర్చిపోయారు. గర్భంలో మలేరియా వస్తే తల్లికి రక్తం పడిపోతుంది, బిడ్డ బరువు తగ్గుతుంది, ఒక్కోసారి కడుపు పోతుంది కూడా. ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది, పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. జ్వరం వస్తే రెండు టెస్టులూ చేయించుకోండి. మందుల దోమతెర ఇంట్లో ఉంటే అది వలగానో, కోళ్ళ గూడుకో కాదు, కడుపుతో ఉన్న మనిషి మంచానికి కట్టండి.

పాజిటివ్ వచ్చింది, ఇంట్లోనే ఉండమన్నారు. ఏం చూసుకోవాలి?

వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఒకటి సంపాదించండి. వీధిలో నాలుగిళ్ళకి ఒకటున్నా చాలు. గర్భిణికి 95 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 95 కంటే కిందకి పోయినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా ఆసుపత్రికే. సీమంతానికి పెట్టిన ముదురు గోరింటాకు గానీ, గోళ్ళ రంగు గానీ ఉంటే రీడింగ్ తప్పుగా రావచ్చు. రంగు లేని వేలికి పెట్టి చూడండి.

జ్వరానికి పారాసెటమాల్ వాడొచ్చు. ఒళ్ళు నొప్పులకి షాపులో ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మీ అంతట మీరు మింగొద్దు, ముఖ్యంగా ఐదో నెల దాటాక. నీళ్ళు బాగా తాగండి, మంచానికి అతుక్కుపోకుండా గదిలో అటూ ఇటూ నడవండి. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, కోవిడ్‌లో అది ఇంకా పెరుగుతుంది. ఒక కాలే వాచి నొప్పి పెడితే డాక్టర్‌కి చెప్పాలి.

ఏడో నెల దాటితే బిడ్డ కదలికలు లెక్కపెట్టుకోండి. అన్నం తిన్నాక ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే రెండు గంటల్లో పది కదలికలు తెలియాలి.

కషాయం ఎన్నిసార్లు తాగాలి?

అల్లం, మిరియాలు వేసి ఇంట్లో కాచుకునే చారు లాంటిది తాగితే తప్పులేదు. 2020లో మాత్రం రోజుకి నాలుగు లోటాలు తాగి కడుపు మంటతో నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. ప్యాకెట్ కషాయాలు, అతిమధురం వేసినవి గర్భంలో వద్దు. ముసుగేసుకుని మరిగే నీళ్ళ ఆవిరి పట్టడం కూడా వద్దు, ఒళ్ళు కాలుతుంది తప్ప వైరస్ చావదు.

కడుపుతో ఉండగా టీకా వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. మొదట్లో మన దేశంలో గర్భిణులకి ఇవ్వలేదు. 2021 జూలై 2న కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చింది. పాలిచ్చే తల్లులకి అంతకంటే ముందు, మే నెలలోనే సరే అన్నారు. అనుమతి రాకముందు 'వద్దు' అన్నది మేమే, వచ్చాక 'రండి' అన్నదీ మేమే. జనం అనుమానపడ్డారంటే వాళ్ళని తప్పుపట్టలేను. టీకా వల్ల పిల్లలు పుట్టరనీ, కడుపు పోతుందనీ తిరిగిన వాట్సాప్ మాటల్లో నిజం లేదు. కోవిడ్ టీకా మాటలో పడి ధనుర్వాతం టీకా మర్చిపోవద్దు. అది ప్రతి కాన్పుకీ ఉంటుంది.

మా ఆయన సూరత్ నుంచి వచ్చారు. ఒకే గదిలో ఉండొచ్చా?

గంజాం జిల్లాలో ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. 2020 వేసవిలో సూరత్ మగ్గాల నుంచి రైళ్ళకి రైళ్ళు దిగాయి. దూరం నుంచి వచ్చిన మనిషి కొన్నాళ్ళు వేరే పడకలో, వీధి అరుగు మీదైనా సరే, పడుకోవాలి. ఇల్లు ఒకటే గదైతే కిటికీ తీసి, ఇద్దరూ మాస్కు పెట్టుకుని, తలా ఒక దిక్కు. ఏడాది తర్వాత ఇంటికొచ్చిన మొగుణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి పుట్టింటికి తీసుకురావాలా, అత్తింట్లోనే ఉంచాలా?

తొలి కాన్పు పుట్టింట్లో అనేది మనకి ఆచారమే కాదు, ఆ పిల్లకి ధైర్యం కూడా. కాబట్టి 'వద్దు' అని తేలిగ్గా అనను. కానీ ఎక్కడో ఒకచోట అని ఏడో నెలలోనే తేల్చేయండి. తొమ్మిదో నెలలో గిరిసోల గేటు దగ్గర కారు ఆపి బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. 2020 లాక్‌డౌన్‌లో కూడా వైద్య అవసరాలకి ప్రయాణం ఆపకూడదనే నియమం ఉండేది. గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌కి అది చెప్పి ఒప్పించేలోపు గంట గడిచిపోయేది.

మా మేనకోడలి విషయం చెప్తాను. అత్తిల్లు గుణుపురం, పుట్టిల్లు టెక్కలి దగ్గర. 2020లో ఎనిమిదో నెల నిండాక అతికష్టం మీద అవతలికి తీసుకెళ్ళారు. పిల్ల వెళ్ళింది, కార్డు గుణుపురంలో ఉండిపోయింది. బ్లడ్ గ్రూపు నెగెటివ్ అన్న సంగతి ఆ కార్డులో తప్ప ఎక్కడా రాసి లేదు. అక్కడ మళ్ళీ అన్ని టెస్టులూ మొదటి నుంచి చేశారు. మంచిదే అయింది, గ్రూపు వాళ్ళకీ తెలిసింది. నొప్పులొచ్చాక తెలిసుంటే వేరేలా ఉండేది.

అందుకే నా సలహా ఇది. తల్లీబిడ్డల కార్డు ప్రతి పేజీ ఫొటో తీసి ముగ్గురి ఫోన్లలో పెట్టండి. స్కాన్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి పురిటి బట్టల మూటలోనే ఉంచండి. వెళ్ళే ముందు ఇక్కడి ఏఎన్‌ఎమ్‌కి చెప్పండి, వెళ్ళిన వారంలోపు అక్కడి ఏఎన్‌ఎమ్ దగ్గర పేరు రాయించండి. బీపీ, సుగర్, కవలలు, అడ్డం తిరిగిన బిడ్డ, ముందు ఆపరేషన్, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు, వీటిలో ఏ ఒక్కటున్నా పుట్టిల్లా అత్తిల్లా అన్న లెక్క పక్కన పెట్టి, పెద్దాసుపత్రికి దగ్గరున్న ఇంట్లో ఉంచండి. బరంపురంలో ఎం.కె.సి.జి., కోరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, అవతల శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్. మీ ఊరికి ఏది దగ్గరో, రాత్రిపూట ఎంత సేపు పడుతుందో ఒకసారి మనసులో కాకుండా కాగితం మీద లెక్కేయండి.

కొండల మీద, వాగులు దాటాల్సిన ఊళ్ళవాళ్ళకి ఒడిశా ప్రభుత్వం కొన్నిచోట్ల 'మా గృహ' అని పెట్టింది. తేదీకి కొన్ని రోజుల ముందే వచ్చి ఉండొచ్చు. ఒడియాలో మా అంటే అమ్మ. మనవాళ్ళు దాన్ని తెలుగులో చదివి 'మా ఇల్లు' అనుకుంటారు, అనుకోనివ్వండి.

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే ఒడియాలో మాట్లాడుతున్నారు. ఏం చెప్పాలి?

ఒడిశాలో గర్భిణులకి 102, మిగతా అత్యవసరాలకి 108. సరిహద్దు ఊళ్ళలో ఒక్కోసారి అవతలి టవర్ పట్టుకుని కాల్ ఆంధ్ర వైపు పోతుంది. అందుకే ముందు మీ జిల్లా, బ్లాకు, ఊరి పేరు చెప్పండి. తర్వాత ఈ నాలుగు ముక్కలు చాలు. నొప్పులొస్తున్నాయి అంటే "పేటొ బిందుచి". రక్తం పోతోంది అంటే "రొక్తొ జాఉచి". ఉమ్మనీరు పోయింది అంటే "పాణి భాంగిగొలా". బిడ్డ కదలడం లేదు అంటే "పిలా హొలు నాహి". గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి, కంగారులో సొంత ఫోన్ నంబరే గుర్తు రాదు.

ఆశా దీదీ నంబరు, ఊళ్ళో బండి ఉన్న ఇద్దరి నంబర్లు కూడా పక్కనే రాయండి. అంబులెన్స్ రావడానికి గంట పడుతుందంటే ఎదురుచూడకండి, దొరికిన బండి ఎక్కించండి.

టెస్ట్ రిపోర్టు లేదని కాన్పుకి చేర్చుకోకపోతే?

అలా చేయకూడదు. కోవిడ్ టెస్ట్ లేదన్న కారణంతో కాన్పు లాంటి అత్యవసరాలని ఆపొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 సెప్టెంబర్‌లో స్పష్టంగా రాసింది. శాంపిల్ తీసి పంపుతూనే వైద్యం మొదలుపెట్టాలి. కాగితం మీద ఇది ఉన్నా, నొప్పులతో ఉన్న పిల్లని గేటు బయట కూర్చోబెట్టిన సంగతులు ఆ రోజుల్లో నేను కళ్ళారా చూశాను. అక్కడ గొడవపడితే టైం పోతుంది. ఒకరు లోపల డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడండి, ఇంకొకరు ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయండి. 'చేర్చుకోం' అంటే అదే మాట చీటీ మీద రాసి, ఏ ఆసుపత్రికి పంపుతున్నారో కూడా రాసిమ్మనండి. రాసిమ్మన్నాక మంచం దొరకడం చాలాసార్లు చూశాను.

కోవిడ్ ఉంటే ఆపరేషనే చేస్తారా?

కోవిడ్ ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. తల్లికి ఊపిరి అందకపోతేనో, బిడ్డ ఇబ్బందిలో ఉంటేనో చేస్తారు.

పురిటి గదిలోకి తోడు రానివ్వరట?

జబ్బు లక్షణాలు లేని ఒక మనిషి తోడుండొచ్చు. తోడుండటం కాన్పుకి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిలో కూడా చెప్పింది. అమ్మా, అత్తా, పిన్నీ కలిసి వెళ్తే మాత్రం ఎవర్నీ రానివ్వరు. ఎవరుండాలో ఇంట్లోనే తేల్చుకోండి. నన్నడిగితే ఆ పిల్లనే అడగండి.

పరిస్థితి బాగోలేదు కదా, మంత్రసానితో ఇంట్లోనే కానిచ్చేయమంటున్నారు మా అత్తగారు.

మీ అత్తగారికి ఇంట్లోనే నలుగురు పుట్టి ఉంటారు. ఆవిడ అనుభవాన్ని కాదనను. మంత్రసానులతో కలిసి పనిచేసినదాన్ని, వాళ్ళ చేతుల నేర్పు నాకు తెలుసు. కానీ మన దేశంలో కాన్పు చావుల్లో మొదటి కారణం రక్తస్రావం. బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడకపోతే కుళాయి తిప్పినట్టు పోతుంది. అప్పుడు కావాల్సింది ఇంజెక్షన్, సెలైన్, రక్తం. అవి ఏ మంత్రసాని సంచిలోనూ ఉండవు. పెద్దావిడకి నచ్చచెప్పాలంటే వాదించకండి, ఆవిడని కూడా చెకప్‌కి వెంట తీసుకెళ్ళి నర్సుతో మాట్లాడించండి.

తల్లికి పాజిటివ్. బిడ్డకి పాలు పట్టొచ్చా?

పట్టాలి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తల్లిపాల ద్వారా కోవిడ్ వస్తుందనడానికి ఆధారం దొరకలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని పట్టండి. తల్లికి మరీ నీరసంగా ఉంటే పాలు పిండి ఉగ్గు గిన్నెతో, శుభ్రమైన చెంచాతో పట్టొచ్చు. డబ్బా పాలు, తేనె, పంచదార నీళ్ళు వద్దు. బిడ్డని వేరే గదిలో పెట్టాల్సిన పని కూడా లేదు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుంటే తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవడమే అసలు వైద్యం.

బాలింతకి పథ్యం ఎన్నాళ్ళు? సాంబ్రాణి వేయొచ్చా?

కూరలు మానిపించి, నీళ్ళు తగ్గించి, వట్టి చారన్నం పెట్టే పథ్యం మాత్రం నాకు నచ్చదు. రక్తం పోయిన మనిషికి పప్పు, ఆకుకూర, గుడ్డు, చోడి అంబలి కావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి, గుడ్లు ఆవిడకే పెట్టండి, ఇంటిల్లిపాదికీ కాదు. జబ్బు పడి లేచిన ఊపిరితిత్తులకీ, పసిబిడ్డకీ పొగ పడదు. సాంబ్రాణి వాసన కావాలంటే దేవుడి గదిలో వేసుకోండి.

ఆశా దీదీ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. మహమ్మారి అని రాకపోతే ఫోన్ చేసి పిలవండి, వాకిట్లోంచైనా బిడ్డని చూపించండి.

మా వదిన కాన్పయ్యాక ఊరికే ఏడుస్తోంది. దిష్టి తగిలిందా?

దిష్టి తీస్తే తీయండి, దాని వల్ల నష్టం లేదు. కానీ మొదటి వారం దాటి రెండో వారం కూడా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డని ఎత్తుకోవాలనిపించకపోతే అది జబ్బు, మందుంది. లాక్‌డౌన్ కాన్పుల్లో చూడ్డానికి ఎవరూ రాక, నాలుగు గోడల మధ్య ఉండి ఇది ఎక్కువగా కనిపించింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. 'చచ్చిపోవాలనుంది' అన్న మాట వినిపిస్తే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఏ లక్షణాలు కనిపిస్తే అర్ధరాత్రైనా బయల్దేరాలి?

ఏ కొంచెమైనా రక్తం కనబడటం. తల పగిలేంత నొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం చేతులు వాయడం. ఫిట్స్. ఉమ్మనీరు పోవడం, అది పచ్చగా ఉంటే ఇంకా తొందరగా. బిడ్డ కదలికలు తగ్గడం. 100.4 దాటిన జ్వరం. ఆయాసం. కాన్పయ్యాక అయితే గంటలోనే గుడ్డ తడిసిపోయేంత రక్తం, దుర్వాసన. కర్ఫ్యూ అయినా, లాక్‌డౌన్ అయినా, అమావాస్య అయినా బయల్దేరాల్సిందే.

డబ్బు సాయం ఏ రాష్ట్రంలో వస్తుంది?

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి, అన్నీ ఉచితం. 2011 నుంచి దేశమంతా ఇదే పద్ధతి, ఏ రాష్ట్రం మనిషని అడగకూడదు. ఆసుపత్రిలో కాన్పైతే జననీ సురక్ష పథకం కింద ఒడిశాలో పల్లెవాళ్ళకి 1,400 రూపాయలు, పట్టణంవాళ్ళకి 1,000 రూపాయలు ఇస్తారు. తల్లికి కంతుల్లో డబ్బిచ్చే ఒడిశా మమతా పథకం కూడా 2011లోనే మొదలైంది. దానికి అంగన్‌వాడీలో పేరు ఉండాలి, చెకప్‌లు, టీకాలు కార్డులో పడాలి. పుట్టింటికి వెళ్ళి ఆర్నెల్లు ఉండిపోతే అక్కడ వేయించిన టీకాలు కార్డులో రాయించుకోకపోవడం వల్లే చాలామందికి కంతు ఆగింది. ఆంధ్ర ఆరోగ్యశ్రీకి (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) అక్కడి కార్డు కావాలి, ఇక్కడి రేషన్ కార్డు చూపిస్తే పనవ్వదు. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళే ముందే ఈ సంగతి కనుక్కోండి.

బిడ్డ శ్రీకాకుళంలో పుట్టింది, మేముండేది కాశీనగరంలో. పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి?

పుట్టిన చోటే. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే నమోదుకి పంపుతారు, 21 రోజుల్లోపు అయితే ఖర్చు లేదు. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేయించొచ్చు, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. డిశ్చార్జి అయ్యే రోజే తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా అని ఒకసారి చదివి చూసుకోండి. ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా ఇంటిపేరు పడిన కార్డులు పట్టుకుని బడిలో చేర్చే వేళ నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు.